ముందే తీసిపెట్టిన అన్నం

టీవీ చర్చా కార్యక్రమాల్లో పనిచేయాలనుకునే పిల్లలు అప్పుడప్పుడు నాకు ఫోన్ చేస్తారు. ఒక కాలేజీలో జర్నలిజం విద్యార్థులకు కొన్నాళ్ళు పాఠాలు చెప్పాను, ఆ పరిచయం. ఈ ఉద్యోగం ఎలా ఉంటుంది సార్ అని అడుగుతారు. ఫోన్‌లో ఎప్పుడూ సరిగా చెప్పలేకపోయాను. అందుకని రాస్తున్నాను. ఉత్సాహం కలిగించే మాటలు ఇందులో పెద్దగా లేవు.

నేను మొదట పత్రికలో ఆదివారం పేజీలు చూసేవాణ్ణి. చదివేవాళ్ళు తగ్గిపోతున్నారని, చదవనివాళ్ళకు కూడా మంచి మాట చేరాలని టీవీకి వచ్చాను. అప్పట్లో నిజంగానే అలా అనుకున్నాను. గవర్నర్‌పేటలో మందుల హోల్‌సేల్ కొట్ల మీద, మూడో అంతస్తులో మా ఛానల్ ఆఫీసు. అక్కడ మతం, నీతి మీద వారానికొక చర్చ చేసేవాళ్ళం. ఆదివారం పొద్దున పాస్టర్లకు ఆరాధన ఉంటుంది కాబట్టి శనివారం మధ్యాహ్నం రికార్డు చేసి, ఆదివారం సాయంత్రం ప్రసారం చేసేవాళ్ళం.

నేను దానికి ప్రొడ్యూసర్ని. ఆ మాట వింటే డబ్బు పెట్టేవాడినని బయటివాళ్ళు అనుకుంటారు. నా పని విషయం వెతకడం, దానికి తగిన మనుషుల్ని వెతకడం, వాళ్ళని తెచ్చి కుర్చీల్లో కూర్చోబెట్టడం. రిటైరయ్యేదాకా అదే చేశాను.

రెండు గదులు

చేరిన మొదటి వారంలోనే మా చీఫ్ ప్రభాకర్ గారు ఒక నియమం చెప్పారు. చర్చకు వచ్చే రెండు పక్షాలవాళ్ళను రికార్డింగ్‌కు ముందు ఒకే గదిలో కూర్చోనివ్వకూడదు.

"కలిసి టీ తాగారనుకోండి, సగం చల్లారిపోతారు. మీ ఊరేదండీ, మా ఊరు ఫలానా, మీ తాలూకావాళ్ళు మాకు తెలుసు అని మొదలెడతారు. ఆ తర్వాత స్టూడియోలో ఏం కొట్టుకుంటారు" అన్నారు.

అందుకని మాకు రెండు గదులుండేవి. స్వాములు ఒక దాంట్లో, పాస్టర్లో హేతువాదులో ఇంకో దాంట్లో. టీ విడివిడిగా పంపేవాళ్ళం. ప్రభాకర్ గారు చెడ్డ మనిషి కాదు. మనుషులు ఎలా చల్లబడతారో ఆయనకు తెలుసు. తెలిసిన సంగతిని తన పనికి వాడుకున్నారు.

తరచుగా వచ్చేవాళ్ళకు ఈ నియమం వల్ల నష్టమేమీ లేదు. ఒక స్వామిగారు, ఒక హేతువాది ఏళ్ళ తరబడి మా దగ్గర పోట్లాడుకున్నారు. ఒకరినొకరు మోసగాడు, మూర్ఖుడు అని తిట్టుకున్నారు. ఇద్దరి ఇళ్ళూ బెంజి సర్కిల్ వైపే కాబట్టి తిరిగి పంపేటప్పుడు ఒకే కారు ఇచ్చేవాళ్ళం. కారులో వాళ్ళ మాటలు మా డ్రైవరు వచ్చి చెప్పేవాడు.

"ఇవాళ నన్ను మరీ వాయించేశారండీ" అనేవారట స్వామిగారు.

"మీరు బ్రేక్ ముందు నా టైం మింగేశారు కదా. అందుకని వడ్డీతో ఇచ్చా" అనేవాడట హేతువాది. తర్వాత ఇద్దరూ మోకాళ్ళ నొప్పుల గురించి, డాక్టర్ల గురించి మాట్లాడుకునేవారట.

మేము నవ్వుకునేవాళ్ళం. ఇంట్లో కూర్చుని చూసేవాడికి ఆ కారు కనపడదు. తిట్లే కనపడతాయి. మర్నాడు వాడు ఆ తిట్లను పక్కింటివాడి మీద వాడతాడు, వాళ్ళిద్దరి మధ్యా ఆ కారు ఉండదు. ఈ సంగతి నాకు చాలా ఆలస్యంగా తట్టింది.

ఒప్పుకున్న మనిషి

ఒకసారి గుడుల్లో, చర్చిల్లో మైకుల గురించి చర్చ పెట్టాం. ఒక పక్షాన కాలేజీలో తత్వశాస్త్రం చెప్పి రిటైరైన లెక్చరర్ గారు వచ్చారు. ఎదుటి పక్షం ఆయన ఒక ఉదాహరణ చెప్పారు. లెక్చరర్ గారు కాసేపు ఆలోచించి, "ఈ విషయంలో మీరన్నదే సరైందండీ. నేను ఇలా ఆలోచించలేదు. నా మాట వెనక్కి తీసుకుంటున్నాను" అన్నారు.

స్టూడియోలో ఏం చేయాలో ఎవరికీ తోచలేదు. ఎదుటి ఆయన కూడా కంగారుపడ్డాడు. కంట్రోల్ రూములో ప్రభాకర్ గారు తల పట్టుకున్నారు.

"ఒప్పుకుంటే ఎలాగండీ. ఇంకా సగం ప్రోగ్రాం ఉంది" అన్నారు.

యాంకర్ కిరణ్ హుషారైన కుర్రాడు. "సార్ మర్యాద కోసం అన్నారు గానీ, మీ అసలు అభిప్రాయం అది కాదు కదా" అని లెక్చరర్ గారిని మళ్ళీ వెనక్కి లాగబోయాడు. ఆయన రాలేదు. "అసలు అభిప్రాయమే నాయనా" అన్నారు.

ఆయన్ను మళ్ళీ పిలవలేదు. పిలవొద్దని ఎవరూ చెప్పలేదు. మనుషుల్ని వెతుక్కునేటప్పుడు ఆ పేరు మా నోటికి రాలేదు, అంతే. ఎదుటివాడి మాట విని మనసు మార్చుకోవడం కోసమే చర్చ అని మనం పుస్తకాల్లో చదువుకున్నాం. నేను పనిచేసిన అన్నేళ్ళలో అది ఒక్కసారే జరిగింది. జరిగినందుకు మేము చిరాకుపడ్డాం.

శ్రీనివాసరావు చెప్పిన ముచ్చట

మా ఆఫీసు కింద శ్రీనివాసరావుకు జిరాక్సు షాపు ఉండేది. పెళ్ళి తర్వాత బాప్తిస్మం తీసుకున్నాడు. ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్ళే మనిషి. వాళ్ళ అన్నయ్య సాంబశివరావు ఇబ్రహీంపట్నంలో, థర్మల్ స్టేషన్లో ఫిట్టరు. అన్నయ్య, వదిన హిందువులుగానే ఉన్నారు.

ఏటా వాళ్ళ నాన్నగారి ఆబ్దికం అన్నయ్య ఇంట్లో జరుగుతుంది. గారెలు, పరమాన్నం, పప్పు, పులుసు వండి, నాన్నగారి ఫొటో ముందు ఆకు వేసి వడ్డిస్తారు. పిట్టగోడ మీద కాకికి ముద్ద పెట్టాక అందరూ భోజనానికి కూర్చుంటారు. దేవుళ్ళకో పెద్దలకో పెట్టిన అన్నం శ్రీనివాసరావు తినడు. వాళ్ళ సంఘంలో దాన్ని విగ్రహార్పితం అంటారు. తండ్రి పేరు మీద అన్న ఇంట్లో భోజనం జరుగుతుంటే తినకుండా రావడమూ అతనికి చేతకాదు.

ఒకరోజు టీ తాగుతూ నవ్వుతూ చెప్పాడు.

"మా వదిన వంటింట్లో నాకోసం వేరే పార్టీ నడుపుతుందండీ. ఆకులో వడ్డించకముందే నా వాటా తీసి గిన్నెలో మూతపెట్టేస్తుంది. ఫొటోకి పెట్టింది తిన్నట్టూ కాదు, అన్న ఇంట్లో తిననట్టూ కాదు."

"మీ అన్నయ్యకు తెలుసా?"

"తెలియకుండా ఎలాగండీ. ఓసారి నా గిన్నె కనపడకపోతే ఆయనే వెతికి తెచ్చాడు. కానీ పైకి ఎప్పుడూ అనుకోలేదు. ఎందుకు అనుకోవడం."

నాకు చాలా నచ్చింది. అన్నీ పోట్లాటలే చేస్తున్నాం, ఒక్కటైనా కలిసి ఉన్నవాళ్ళ గురించి చేద్దామని మీటింగులో చెప్పాను. ప్రభాకర్ గారు కూడా సంతోషించారు. కుటుంబాన్ని పిలుద్దాం, ఒక స్వామిగారిని, ఒక పాస్టర్ గారిని కూర్చోబెడదాం, వాళ్ళు ఆశీర్వదిస్తారు అన్నారు. అది మంచి ఉద్దేశంతో మొదలైన పని. ఈ రంగంలో అపకారమంతా దురుద్దేశంతోనే జరుగుతుందని అనుకోకండి.

శ్రీనివాసరావు ముందు కాస్త వెనకాడాడు. వదిన పద్మావతి గారు ఫోన్‌లో ఏ రంగు చీర కట్టుకుంటే బాగుంటుందని అడిగారు. "మా మామయ్యగారి ఫొటో తెమ్మంటారా?" అని కూడా అడిగారు. తెమ్మన్నాను.

శనివారం

అన్నదమ్ములు కలిసి వచ్చినా మా నియమం మారలేదు. ఎవరూ దాన్ని గుర్తుచేయనవసరం లేదు, అలవాటుగా జరిగిపోయింది. సాంబశివరావును స్వామిగారి గదిలో కూర్చోబెట్టారు. శ్రీనివాసరావును పాస్టర్ గారి గదిలో. పద్మావతి గారిని మేకప్ గదిలో.

"ముగ్గురం ఒకచోటే కూర్చుంటాం కదండీ" అన్నారామె.

"అయ్యాక ఎంతసేపైనా కూర్చోండమ్మా" అన్నాడు మా ఫ్లోర్ మేనేజర్.

రికార్డింగ్ ఆలస్యమైంది. అంతసేపూ అన్న ఒక గదిలో పితృకార్యం ఎంత గొప్పదో విన్నాడు. తమ్ముడు ఇంకో గదిలో విశ్వాసంలో నిలబడటం ఎంత కష్టమో విన్నాడు. స్టూడియోలోకి వచ్చేటప్పుడు ఇద్దరూ కొంచెం నిటారుగా నడిచారు.

మొదటి భాగం బాగానే సాగింది. ఫొటో చూపించారు. స్వామిగారు, పాస్టర్ గారు మెచ్చుకున్నారు. బ్రేకులో ప్రభాకర్ గారు కిరణ్ చెవిలోని ఇయర్‌ఫోన్‌లో చెప్పారు. "చప్పగా ఉంది. అసలు ప్రశ్న అడుగు."

కిరణ్ పద్మావతి గారి వైపు తిరిగాడు. "అమ్మా, ఆరోజు మీ మరిది గారికి ఏం పెడతారు?"

"అందరికీ పెట్టేదేనండీ. గారెలు, పప్పు, పరమాన్నం."

"ఫొటో ముందు పెట్టాకా, పెట్టకముందా?"

ఆమె నవ్వారు. "మీరు మరీ వంటింట్లోకి వచ్చేస్తున్నారండీ."

స్టూడియోలో అందరూ నవ్వారు. అక్కడితో వదిలేయవచ్చు. కిరణ్ వదల్లేదు. వదిలే యాంకర్‌ను మేమూ ఉంచుకునేవాళ్ళం కాదు.

"చెప్పండమ్మా, ప్రేక్షకులు తెలుసుకోవాలి కదా."

"ముందే వేరే గిన్నెలో తీసి పెడతానండీ. ఆయన తినరు కదా."

స్వామిగారు మెల్లగా అన్నారు. "తల్లీ, నీ మనసు మంచిదే. శాస్త్రం మాత్రం ఒప్పుకోదు. ముందే కొంత తీసేస్తే, పెద్దలకు మిగిలిందే పెట్టినట్టు కదా."

పాస్టర్ గారు కూడా అంతే మెల్లగా అన్నారు. "బ్రదర్, గిన్నె వేరైనా పొయ్యి ఒకటే. ఎవరి పేరు మీద వెలిగించిన పొయ్యి అన్నది మీరే ఆలోచించుకోవాలి."

ఆరోజు ఎవరూ అరవలేదు. ఇద్దరు పెద్దమనుషులూ తమను అడిగినదానికి తమ పుస్తకం ప్రకారం సమాధానం చెప్పారు. వేరే విధంగా చెప్పడానికి వాళ్ళకు వీల్లేదు. అదే స్వామిగారు ఆ ఇంటికి భోజనానికి వెళ్ళి ఉంటే, ఆ మూత పెట్టిన గిన్నెను చూసి కూడా చూడనట్టు ఊరుకునేవారని నా నమ్మకం.

"సాంబశివరావు గారూ, ఇదంతా మీకు తెలిసే జరుగుతోందా?" అన్నాడు కిరణ్.

ఆయన స్వామిగారి వైపు చూశాడు. "నాకు తెలియదండీ. వంటింటి సంగతులు నేను పట్టించుకోను."

"శ్రీనివాసరావు గారూ, మీరు అడిగారా?"

"నేనెప్పుడూ అడగలేదండీ. వదినే తీసి పెట్టేది. పెట్టింది తిన్నాను."

"ఆమె ముఖం చూపించండి. అలాగే ఉంచండి" అన్నారు ప్రభాకర్ గారు కెమెరావాళ్ళతో.

పద్మావతి గారు భర్త వైపు చూడలేదు, మరిది వైపూ చూడలేదు. పైట సర్దుకున్నారు. "అవునండీ, నేనే. వాళ్ళకి తెలియదు" అన్నారు.

ఆ ముక్క

మర్నాడు పొద్దున ఆమె నాకు ఫోన్ చేశారు.

"ఒక్క సాయం చేయాలండీ. మా ఆయన తెలియదన్నారు చూడండి, ఆ ముక్క తీసేయండి."

"మీరు చెప్పింది?"

"నేను చెప్పింది ఉంచండి, ఫర్వాలేదు. ఆయన అబద్ధమాడే మనిషి కాదండీ. మా కాలనీలో అందరికీ ఆ గిన్నె సంగతి తెలుసు. ఆయనకి తెలుసని కూడా తెలుసు. రేపు డ్యూటీకి ఎలా వెళ్తారు?"

నేను ప్రభాకర్ గారి దగ్గరికి వెళ్ళాను.

"ఆయన ఆ మాట అన్నాడా లేదా?" అన్నారు.

"అన్నాడు."

"మనం అనమన్నామా?"

"అడిగాం."

"అడగడం మన పని కదండీ. ఆ ముక్క తీసేస్తే ఏం మిగులుతుంది, వంటల ప్రోగ్రామా?"

ఆయన్ను బతిమాలాను. ఇంత బతిమాలడం ఉద్యోగంలో ఎప్పుడూ చేయలేదు. నిజాన్ని దాచమంటున్నారా అని ఆయన అడిగితే జవాబు దొరకలేదు. ఇప్పుడైతే చెబుతాను. ఆ ఇంట్లో నిజం ఏమిటంటే, ఆ అన్నకు తెలుసు. తెలిసి ఊరుకోవడమే ఆయన తమ్ముడికి పెట్టిన భోజనం. మేము రికార్డు చేసింది ఆయన భయాన్ని.

ఆ ముక్క తీయలేదు. ప్రోగ్రాం వస్తుందని చెప్పే ప్రకటనలో కూడా అదే వేశారు. నేను పద్మావతి గారికి ఫోన్ చేసి కుదరలేదని చెప్పాను.

"సరేలెండి. మీరు మాత్రం ఏం చేస్తారు" అన్నారు.

తర్వాత ఆ ముక్క ఫోన్లలో తిరిగింది. ఒకరు దాన్ని ధర్మానికి జరిగిన అవమానమన్నారు. ఒకరు విశ్వాసి శోధనలో పడిపోయాడన్నారు. కాలనీలో ఒకాయన సాంబశివరావును, "ఏం ఫిట్టరుగారూ, మీ ఇంట్లో ఏం జరుగుతోందో మీకు తెలియదటగా" అన్నాడట. శ్రీనివాసరావును సంఘ పెద్దలు పిలిచి మాట్లాడారు. ఆబ్దికం రోజున ఆ ఇంట్లో ఇక తిననని అతను అందరి ముందు చెప్పాల్సి వచ్చింది. జిరాక్సు షాపు దగ్గర నేను కనపడితే నమస్కారం పెట్టేవాడు. టీకి పిలవడం మానేశాడు.

కొత్తగా వచ్చేవాళ్ళకు

మీరు నాకంటే తెలివైనవాళ్ళు, సాంకేతికంగా బాగా తెలిసినవాళ్ళు. ఈ ఉద్యోగంలోకి రావద్దని నేను చెప్పను. చెప్పినా వస్తారు. మంచి యాంకర్, మంచి అతిథులు ఉంటే చర్చ బాగుపడుతుందని ఒకప్పుడు అనుకునేవాణ్ణి. ఇప్పుడు అనుకోవడం లేదు. ఆ శనివారం అందరూ మంచివాళ్ళే.

మన ఊళ్ళలో రెండు మతాలవాళ్ళు ఒకే ఇంట్లో, ఒకే వీధిలో బతకడం ఎవరో తీర్పు చెప్పడం వల్ల జరగలేదు. చాలా విషయాలు అడగకుండా వదిలేయడం వల్ల జరిగింది. ఎవరు ఏ గిన్నెలో తింటారో, ఎవరు దండం పెట్టేటప్పుడు కళ్ళు మూసుకుంటారో, ఎవరు బయట నిలబడతారో చూసి, చూడనట్టు ఉంటారు. ఇలా ఊరుకోవడంలో అన్యాయాలు కూడా దాక్కుంటాయి, నాకు తెలుసు. వాటిని అడగాల్సిందే. ఏది అన్యాయమో, ఏది అన్నం పెట్టే ఉపాయమో తెలుసుకోవడానికి ఆ ఇంట్లో చాలాకాలం ఉండాలి. మన దగ్గర ఉండేది రెండు బ్రేకుల మధ్య సమయం.

సలహా ఇవ్వక తప్పదంటే ఒకటి చెబుతాను. మామూలు మనుషుల్ని కుర్చీలో కూర్చోబెట్టకండి. పోట్లాడి ఒకే కారులో వెళ్ళగలిగేవాళ్ళనే పిలవండి. దీనివల్ల కూడా మేలు జరుగుతుందని నేను హామీ ఇవ్వలేను. హాని కొంచెం దూరంగా జరుగుతుంది.

ఇబ్రహీంపట్నం

రిటైరయ్యాక ఒకసారి బస్సెక్కి ఇబ్రహీంపట్నం వెళ్ళాను. ఆబ్దికం అయిపోయిన వారానికి. ఎందుకు వెళ్ళానో స్పష్టంగా చెప్పలేను. సాంబశివరావు డ్యూటీలో ఉన్నాడు. పద్మావతి గారు గుర్తుపట్టి కూర్చోమన్నారు. టీ ఇచ్చారు.

"ఆయన బాగున్నారా?" అన్నాను.

"బాగున్నారండీ. నాతో ఎప్పటిలాగే ఉంటారు. ఆరోజు ఇంటికొచ్చాక ఒక్కసారే అడిగాను, అలా ఎందుకన్నారని. అందరి ముందు ఇంకేం అనమంటావే అన్నారు. నిజమేగా."

"శ్రీనివాసరావు వస్తున్నాడా?"

"పండక్కి ఫోన్ చేస్తారు. అన్నతో మాట్లాడతారు. నన్ను అడిగినట్టు చెప్పమంటారట. నేనేమీ అనుకోలేదండీ ఆయన్ని. ఏ ముఖం పెట్టుకుని మాట్లాడాలా అని ఆయనకే సిగ్గు."

ఆబ్దికం ఎలా జరిగిందని అడిగాను. అడగకుండా ఉండాల్సింది, కానీ వృత్తి అలాంటిది.

"బాగా జరిగిందండీ" అన్నారామె. "ఈసారి మా ఆయన వంటింట్లోనే నిలబడ్డారు. గిన్నెల మీద మూత కూడా తీయనివ్వలేదు. ముందు ఆకులో పెట్టించి, కాకికి పెట్టాకనే అందరికీ వడ్డించాం. అంతా శాస్త్రప్రకారం చేశాం. ఎవరూ ఒక్క తప్పు పట్టడానికి లేదు."